కోజుబాయ్ ఉప్పురాయి

పిండి కలపడం సగంలో ఉండగా తవ్వకం వైపు నుంచి కేక వినిపించింది.

చేనెష్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. నెలన్నరగా ఆ గుంట దగ్గర ఒక్కరూ గొంతు పెంచి మాట్లాడింది లేదు. కుంచెతో దుమ్ము దులపడం, తాపీతో వేలెడు మట్టి గీకడం, గీకిన మట్టిని జల్లించడం, కాగితం మీద ప్రతి రాయినీ దాని ఒంపులతో సహా గీయడం. అంతా నెమ్మది పని. అలాంటిది ఇవాళ డ్రైవరు సానాష్ గొంతు బొరోబాష్ లోయ అవతలి కొండకు తగిలి తిరిగి వచ్చింది.

"కాళ్ళు దొరికాయోయ్! కాళ్ళు!"

ఆమె చేతులు కడుక్కోకుండానే పరుగెత్తింది.

ఆ తవ్వకపు బృందానికి చేనెష్ వంటమనిషి. పుట్టి పెరిగింది ఈ లోయలోనే. వాగు వెంట గుర్రం మీద అరగంట పైకి వెళితే వాళ్ళ నాయనమ్మ విడిది, గొర్రెల దొడ్డి. చదువు ఊరి బడితోనే ముగిసింది. ఇరవై రెండేళ్ళు వచ్చినా పదిమందిలో నోరు విప్పడం ఆమెకు చేతకాదు. అందరూ మాట్లాడే సమయంలో ఆమె చూస్తూ ఉంటుంది. ఏ మేకకు ఏ కొమ్ము వంకరో, ఏ రాయి మీద మంచు ముందుగా కరుగుతుందో, ఎవరు టీలో రెండోసారి ఉప్పు వేసుకుంటారో ఆమెకు తెలుసు.

గుంట చుట్టూ అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. పలకరాళ్ళను అంచు మీద నిలబెట్టి కట్టిన పాతకాలపు చదరం అది. దాని తూర్పు అంచుకు ఆనుకుని, నిన్నటిదాకా పచ్చిక ఉన్న చోట, ఒక రాతి మోడు బయటపడింది. మూరెడు లోతున నేలలో దిగి ఉంది. చుట్టూ చిన్న రాళ్ళ బిగింపు. పైన అడ్డంగా విరిగి ఉంది.

బృందానికి పెద్ద ఎజెర్, యాభై దాటిన మనిషి, బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించి దాన్ని చూస్తున్నాడు.

"ఏంటన్నా, ముద్దు పెట్టుకుంటావా దాన్ని?" అన్నాడు సానాష్.

"పెట్టుకున్నా తప్పు లేదురా. ఈ అంచు చూడు, కత్తిలా ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ కింద విరిగిందైతే ఎప్పుడో అరిగి గుండ్రబడేది. ఇది మన తాతల కాలంలో విరిగింది. అంటే పైమనిషి ఎక్కడికీ పోలేదు. ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉన్నాడు."

పైమనిషి అంటే ఎవరో చేనెష్‌కు తెలుసు. కూరగాయలు తరుగుతూ వాళ్ళ మాటలన్నీ విన్నది. తుర్కు రౌతులు ఈ గడ్డినేలను ఏలిన రోజుల్లో గొప్పవాడెవరైనా పోతే అతని పేరున ఇలాంటి చదరం కట్టేవారు. అది సమాధి కాదు, లోపల ఎముకలుండవు. పోయినవాడికి విందు పెట్టే చోటు. చదరానికి తూర్పున అతని రాతిరూపం నిలబెట్టేవారు, చేతిలో గిన్నె, ముఖం పొద్దుపొడుపు వైపు. ఆ ముఖానికి ఎదురుగా నిలువురాళ్ళు ఒకదాని వెనక ఒకటి దూరంగా సాగిపోయేవి. ఇక్కడ ఆ వరస ఉంది, మొత్తం పదిహేడు రాళ్ళు. చిన్నప్పుడు చేనెష్ ఒక్కో రాయికీ ఒక్కో గొర్రెపిల్ల పేరు పెట్టుకుంది. చదరమూ ఉంది. ఎవరి కోసం ఇదంతా కట్టారో ఆ మనిషి ఒక్కడే లేడు.

"ఎల్లుండిలోపు దొరుకుతాడంటారా సార్?" అని అడిగింది ఆర్జానా. ఆమె పట్నంలో చదువుకుంటున్న విద్యార్థిని.

నవ్వులు ఆగిపోయాయి. ఎల్లుండి పదింటికి రోడ్డువాళ్ళు వస్తారు. కొత్త రోడ్డు గీత కాగితం మీద సరిగ్గా ఈ చదరం మీదుగా, రాళ్ళ వరసను నిలువునా తొక్కుకుంటూ పోతోంది. ఎర్రగుడ్డ కట్టిన మేకులు ఇప్పటికే వాగు దాకా దిగబడ్డాయి.

ఎజెర్ లేచి కూర్చుని గడ్డం మీది మట్టి దులుపుకున్నాడు. "ఉత్త రాళ్ళ చదరమైతే వాళ్ళేమంటారో తెలుసుగా? తవ్వుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు, ఇక తీసేయండి అంటారు. ఇలాంటివి ఈ మైదానంలో ఎన్నో ఉన్నాయి, కాదనలేం. రాతిమనిషి, చదరం, వరస మూడూ ఒకచోట నిలిచి ఉంటే మాత్రం రోడ్డే పక్కకు తప్పుకోవాలి. వాగు అవతల బోలెడు చోటుంది."

"మోడు చూపిస్తే చాలదా?"

"చూపిస్తే, 'బాబూ, ఇది రాయి' అంటాడు ఆ ఇంజనీరు. వాడి చోట నేనున్నా అదే అంటాను. వెతకండి."

అందరూ తలోదిక్కూ పరుగెత్తారు. కొందరు వరస వెంట, కొందరు వాగులోకి. చేనెష్ మాత్రం మోడు దగ్గరే కూర్చుండిపోయింది. విరిగిన చోట ఎడమ పక్క బొటనవేలంత రాతిపన్ను పైకి లేచి ఉంది. దాని పక్కన లోతైన గాడి. అక్కడి నుంచి కుడివైపుకు ఏటవాలు. చూస్తూ ఉంటే ఆమె కుడిచేతి రెండు వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఈ పన్ను సరిపోయే గుంట ఒకటి ఎక్కడో ఉంది. ఆ గుంటలో తన వేళ్ళు దూర్చిన జ్ఞాపకం ఆమె చేతికి ఉంది, మనసుకు ఇంకా అందడం లేదు.

చేతికి అంటుకున్న పిండిని చూసుకుంది. లేచి వంటగుడారంలోకి వెళ్ళి గుప్పెడు పెద్ద ముద్ద తెచ్చింది. దాని మీద పొడిపిండి చల్లి, మోడు మీద పెట్టబోయింది.

"ఏయ్ ఏయ్! పాతరాయి మీద బూర్సాక్ రొట్టెలు చేస్తావా ఏంటే?" ఆర్జానా అరిచింది.

ఎజెర్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎందుకమ్మాయ్?"

"ఊరికే... ఒకటి చూద్దామని," అంది చేనెష్, చెవులు ఎర్రబడుతుండగా.

ఆయన ఆమెను ఒక క్షణం చూశాడు. "ఫొటోలు తీసేశాంలే. కానియ్. తర్వాత శుభ్రంగా తుడువు."

ముద్దను గట్టిగా అదిమి, జాగ్రత్తగా ఊడదీసి, ముద్రపడిన వైపు పైకి ఉండేలా పళ్ళెంలో పెట్టుకుంది.

"నాయనమ్మ దగ్గరికెళ్ళొస్తా. సాయంత్రం టీ ఆర్జానా పెడుతుంది."

"నా టీ తాగితే సగంమంది ఇవాళే పట్నం పారిపోతారు," అంది ఆర్జానా. కానీ చేనెష్ అప్పటికే గుర్రం ఎక్కేసింది.

*

నాయనమ్మ తోయ్‌లోష్ దొడ్డి ముందు కూర్చుని పొగ మీద జున్నుబిళ్ళలు తిప్పుతోంది. పక్కనే మూతపెట్టిన గిన్నెలో రాత్రి వేయించబోయే బూర్సాక్‌ల పిండి. మనవరాలు గుర్రం దిగి, పలకరింపైనా లేకుండా, పళ్ళెం పట్టుకుని ఉప్పురాయి దగ్గరికి పరుగెత్తడం చూసి ఆమె పుల్ల ఎత్తి పట్టుకుంది.

"ఏమైందే? తోడేలు తరుముతోందా?"

ఉప్పురాయి దొడ్డి గుమ్మానికి పక్కన పొడుగ్గా పడి ఉంటుంది. తోయ్‌లోష్ రోజూ దాని మీద ఉప్పుగడ్డలు పెడుతుంది, గొర్రెలు వచ్చి నాకుతాయి. తరతరాల గొర్రెల నాలుకలు దాన్ని నున్నగా, వెన్న రాసినట్టు మెరిసేలా చేశాయి. నడుమ తొట్టిలాగా గుంట పడింది. చేనెష్ దాని కొస దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, గడ్డి పీకేసింది. విరిగిన కొస బయటపడింది. దానికి గుంట ఉంది. రెండు వేళ్ళు దూర్చింది. ఏడేళ్ళ వయసులో, గొర్రెలు ఉప్పు నాకడం అయ్యేదాకా ఇక్కడే కూర్చుని వేళ్ళు దూర్చి ఆడుకున్న గుంట!

పిండిముద్దను రాతికొసకు ఆనించింది.

అతకలేదు.

ఇటు తిప్పింది, అటు తిప్పింది. రాతిలో గుంట ఉన్న చోట పిండిలోనూ గుంటే. గట్టుకు ఎదురుగా గట్టే. ఆమె ప్రాణం ఉసూరుమంది. అలా ఎంతసేపు కూర్చుందో. నీళ్ళతొట్టి దగ్గర గుర్రం కాలు మార్చింది. బురదలో జాడ పడింది. గిట్టలో గుంట ఉన్న చోట, జాడలో మట్టి ఉబ్బి ఉంది.

చేనెష్ ఆ జాడను చూసింది. చేతిలోని పిండిని చూసింది.

పిండి మీద పడింది మోడు రూపం కాదు! మోడుకు జోడు రూపం. అది ఉప్పురాయికి అతకకూడదు. అచ్చం ఉప్పురాయిలా ఉండాలి. ఉంది కూడా. గుంటకు గుంట, గట్టుకు గట్టు, కుడికి జారే ఏటవాలు!

ఒక్క గెంతులో వెళ్ళి నాయనమ్మ గిన్నె మూత తీసి పిండిని గుప్పిళ్ళతో లాగింది.

"ఓసి నీ దుంపతెగ! రాత్రికి బూర్సాక్‌లే అవి!"

"రెండు తక్కువ తిను నాయనమ్మా!"

కొత్త ముద్దను ఉప్పురాయి కొసకు అదిమి తీసింది. ఇప్పుడు రెండు ముద్దలు. ఒకటి మోడుది, ఒకటి ఉప్పురాయిది. ఊపిరి బిగబట్టి రెంటినీ ఎదురెదురుగా తెచ్చింది. పన్ను వెళ్ళి గుంటలో కూర్చుంది. గట్టు గాడిలోకి జారింది. గిన్నె మీద మూత పడ్డట్టు రెండూ ఒకటైపోయాయి.

చేనెష్ పగలబడి నవ్వింది. మేకలు తలెత్తి చూశాయి. తోయ్‌లోష్ చేతిలో పుల్ల కింద పడింది. ఈ పిల్ల ఇంత గట్టిగా నవ్వడం ఆమె ఇదే వినడం.

సంగతంతా విన్నాక మాత్రం ముసలామె ముఖం మూసుకుపోయింది.

"ఉప్పురాయిని తిప్పకూడదు. తిప్పిన ఇంట గొర్రె ఈనదు."

"ఎవరు చెప్పారు?"

"పెద్దాయన." అంటే ఆమె మామగారు, చేనెష్‌కు ముత్తాత. కోడలు మామగారి పేరు పలకదు, ఆయన పోయి నలభై ఏళ్ళయినా సరే. "నేను కాపురానికొచ్చిన రోజునే చెప్పాడు. పొయ్యి ఆరనీయకు, ఉప్పురాయి తిప్పనీయకు. ఆ రెండే నాకప్పజెప్పాడు."

"ఎందుకని నువ్వడగలేదా?"

"బాగుందే! కోడలు మామగార్ని ప్రశ్నలడుగుతుందా? ఆయన ముఖంలోకి చూసింది లేదు, ఆయనకు వీపు చూపించింది లేదు. గుడారంలోంచి బయటికెళ్ళాలంటే వెనక్కి వెనక్కి నడిచేదాన్ని. ఓసారి అలాగే పాలకడవలో కూర్చున్నాను."

"తాతయ్య?"

"మీ తాతకు గుర్రాలు తప్ప ఇంకేం పట్టింది!" తోయ్‌లోష్ జున్నుబిళ్ళల వైపు తిరిగింది. "వెళ్ళు. ఆ ఎజెర్‌తో చెప్పావంటే మనుషుల్నేసుకొచ్చి ఎత్తుకెళ్తాడు. పట్నంలో గాజుపెట్టెలో పెడతారు. టికెట్టు కొనుక్కుని చూడాలి మన రాయిని మనం."

చేనెష్ కదల్లేదు. ఆమెకు మాటలు దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక ఆగలేదు.

"ఎల్లుండి రోడ్డోళ్ళొస్తారు నాయనమ్మా. చదరం పీకేస్తారు. పదిహేడు రాళ్ళూ పీకేస్తారు. నేను చిన్నప్పుడు పేర్లు పెట్టినవన్నీ కంకర కిందికి పోతాయి. అప్పుడు ఈయన ఇక్కడ ఉప్పు మోస్తూ పడుంటాడు, ఈయన చోటు మీద లారీలు తిరుగుతుంటాయి. ఈయన లేస్తేనే అవి ఆగుతాయి. నేను నీకు చెప్పకుండా ఎజెర్ అన్నకి చెప్పను. చెప్పను గాక చెప్పను. కానీ నువ్వే ఆలోచించు."

"నోట్లో నాలుక లేదనుకున్నా నీకు," అంది తోయ్‌లోష్ నెమ్మదిగా. "వెళ్ళవే, వంట చూసుకో. రేపు పొద్దున పొయ్యిలో పాలు చల్లి, నిప్పు ఏమంటుందో చూస్తాను."

ఆ సాయంత్రానికి తవ్వకం దగ్గర ఎవరికీ ఏమీ దొరకలేదు. వాగులో నడుంలోతు దిగి వెతికినవాళ్ళు మంట దగ్గర వణుకుతూ కూర్చున్నారు. ఎజెర్ బార్లీ జావ ముట్టుకోకుండానే గిన్నె పక్కన పెట్టాడు. చేనెష్ పెదవి కొరుక్కుంటూ వడ్డించింది. రెండు పిండిముద్దలూ ఆమె పడక కింద, రుమాల్లో ఉన్నాయి. నోటిదాకా వచ్చిన మాటను మూడుసార్లు మింగింది.

*

తెల్లవారి గడ్డి మీద నూగుమంచు ఇంకా కరగకముందే గుర్రం డెక్కల చప్పుడయింది. తోయ్‌లోష్ పండగకు వేసుకునే కోటు తొడుక్కుని, చంకలో పాలసీసా పెట్టుకుని వచ్చింది. పాత చోటును తవ్వడమేంటన్న కోపంతో ఈ వేసవంతా అటు వైపు తల తిప్పి కూడా చూడని మనిషి. గుర్రం దిగకుండానే అడిగింది.

"ఎజెర్ ఎవరు మీలో? నువ్వేనా? ఇంత సన్నగా ఉన్నావేం, మా పిల్ల తిండి పెట్టడం లేదా?"

"పెడుతోందమ్మా. నాకే సహించడం లేదు."

"నీ మనిషి నా దగ్గరున్నాడు."

ఎజెర్ చేతిలో టీగిన్నె ఒరిగి ప్యాంటు మీద పడింది. ఆయనకు తెలియలేదు.

"ముందు నాకు మాటివ్వు. ఈ లోయ దాటి తీసుకుపోకూడదు."

ఎజెర్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, నీతో అబద్ధం చెప్పలేను. పైవాళ్ళు ఏం రాస్తారో నా చేతిలో లేదు. నాకు తెలిసింది ఒక్కటే. పడున్నదాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారు. తన చోట తను నిలబడి ఉన్నదాన్ని కదపాలంటే ఎవరికైనా చెయ్యాడదు. ఈ రోజే నిలబెట్టేద్దాం. నా చేతనైంది అదీ."

ముసలామె ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "అవునవును అని తలూపుంటే గుర్రం తిప్పుకుని పోయేదాన్ని. పదండి."

పొద్దు కొండ మీదికొచ్చేసరికి ఎనిమిదిమంది ఉప్పురాయి చుట్టూ గడ్డపారలతో నిలబడ్డారు. తోయ్‌లోష్ శుద్ధి కోసం ఆర్చిన్ ఆకు పొగ వేసింది, పాలు చల్లింది. తర్వాత చేనెష్‌ను ముందుకు తోసింది.

"అడుగు. నేను కోడల్ని, అడగలేను. నువ్వు ఈ ఇంటి పిల్లవి. ఆయన్ని పేరు పెట్టి పిలిచి అడుగు."

ఇంతమంది ఎదుట! చేనెష్ ఒక అడుగు వెనక్కి వేయబోయింది. కానీ నాయనమ్మ చెయ్యి వీపు మీద ఉంది.

"కోజుబాయ్ ముత్తాతా," అంది. ఆ పేరు వినగానే ముసలామె కోటు అంచు సవరించుకుని తల వంచింది. "నీ ఉప్పురాయి తిప్పుతున్నాం. రోడ్డు వస్తోంది. కోపం తెచ్చుకోకు. గొర్రెల్ని ఏమీ అనకు."

కొండగాలి వీచి పొగను పక్కకు తీసుకుపోయింది. అంతే. సానాష్ అరచేతుల్లో ఉమ్మి వేసి రుద్దుకున్నాడు.

"పట్టండి! ఒకటి, రెండు... హైయ్!"

రాయి కదల్లేదు. మళ్ళీ పట్టారు. ఈసారి నేల 'చప్' మని వదిలింది. ఒక పక్క లేచింది, దాని కిందికి దుంగ తోశారు. ఇంకో పట్టు. రాయి అంచు మీద నిలబడి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెత్తగా పరిచిన కంబళి మీదికి వెల్లకిలా ఒరిగింది.

ముఖం లేదు.

ముఖం ఉండాల్సిన చోటంతా గోధుమరంగు తొక్క అతుక్కుని ఉంది. ఆర్జానా దగ్గరికి వంగి ఊపిరి పీల్చింది. "సార్... ఇది భూర్జచెట్టు బెరడు. ఎవరో పరిచారు. దీని కింద కంబళి ముక్క కూడా ఉంది."

ఆర్జానా, ఎజెర్ కుంచెలతో కూర్చున్నారు. ఒక పొర, దాని కింద ఇంకో పొర. కుళ్ళిన కంబళి పీచు. దాని కింద మీసం.

"మీసం!" సానాష్ గడ్డపార విసిరేశాడు. "మీసాలోడే! మెలేసిన మీసం!"

తర్వాత ముక్కు. తర్వాత రెండు కళ్ళు, దేవదారు గింజల్లాంటివి. చెవికి పోగు. గుండె దగ్గర గిన్నె పట్టుకున్న చెయ్యి, ఐదు వేళ్ళూ విడివిడిగా. నడుముకు పట్టీ, దానికి వేలాడే చిన్న సంచి. నిన్న చెక్కినట్టుంది. ఎజెర్ ఆ గిన్నె చుట్టూ కుంచె తిప్పుతూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండూ ఆయనకు తెలియడం లేదు. ఆర్జానా చేనెష్ మెడను వాటేసుకుని గెంతింది.

తోయ్‌లోష్ మాత్రం బెరడు ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"దాచిపెట్టాడు," అంది చివరికి. "ట్రాక్టరొచ్చిన ఏడు. సర్కారు సామూహిక దొడ్డికి పునాదులని ఈ లోయలో రాళ్ళన్నీ పీకారట, నేను రాకముందు. అడ్డమొచ్చినోళ్ళని బండెక్కించి ఎటో పంపేశారట. అప్పుడు విరిగుంటాడు ఈయన. పెద్దాయన గుర్రానికి కట్టి లాక్కొచ్చుంటాడు. ముఖానికి కంబళి కప్పి, బోర్లా వేసి, పైన ఉప్పేశాడు. ఉప్పురాయిని ఎవడు తిప్పి చూస్తాడు? నాకు గొర్రెల పేరు చెప్పి భయపెట్టాడు." ఆమె బెరడు ముక్క మీది మట్టిని బొటనవేలితో తుడిచింది. "అరవై ఏళ్ళు. అసలు సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగుంటే ఎప్పుడో లేచి కూర్చునేవాడు ఈ మీసాలాయన."

"నువ్వు కాపాడావుగా నాయనమ్మా."

"ఏం కాపాడాను. గొర్రెలతో వీపు నాకించాను."

*

రాతిమనిషిని కంబళ్ళలో చుట్టి, చెక్కబండి మీద కట్టి, సానాష్ వ్యానుతో మెల్లమెల్లగా లాగాడు. వాగు దాటేటప్పుడు అందరూ ఒకేసారి అరిచి సలహాలిచ్చారు. అతను ఎవరి మాటా వినలేదు కాబట్టి సవ్యంగా దాటింది. కొలతలు, ఫొటోలు, గీతలు అయ్యేసరికి పొద్దు వాలింది. దుంగలతో, తాళ్ళతో ఎత్తి మోడు మీదికి దించారు. ఏటవాలు మీద వేలెడంత జారి, పన్ను గుంటలోకి దిగి, 'టక్' మని కూర్చున్నాడు. ఆ చప్పుడు చేనెష్ పాదాల్లోంచి పైకి పాకింది. చుట్టూ రాళ్ళు పేర్చి బిగించారు. పద్నాలుగు వందల ఏళ్ళ మనిషి మళ్ళీ తూర్పుకు తిరిగి, పదిహేడు రాళ్ళనూ చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పదింటికి రోడ్డు ఇంజనీరు గెన్నాదీ వచ్చాడు. పొట్టిగా, లావుగా, చేతిలో కొలతల టేపుతో. జీపు దిగి రాతిమనిషి దగ్గరికి వెళ్ళబోయాడు. వెళ్ళలేకపోయాడు. తోయ్‌లోష్ గొర్రెలు నూటికి పైగా ఆ రాయి చుట్టూ చేరి ఉన్నాయి. పొద్దున్నే దొడ్డి దగ్గర ఉప్పురాయి కనిపించక, చెక్కబండి ఈడ్చిన జాడనే వాసన చూసుకుంటూ దిగి వచ్చాయి. వెనక నుంచి మూడు వరసల్లో నిలబడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, రాతిమనిషి వీపు నాకుతున్నాయి.

"ఇదేంటయ్యా? సర్కసా?" అన్నాడు గెన్నాదీ.

ఎజెర్ సిగ్గుపడి గొర్రెల్ని అదిలించబోయాడు. "తోలకు," అంది తోయ్‌లోష్. "అవి రోజూ తినే కంచం అది."

ఇంజనీరు గొర్రెల మధ్య దారి చేసుకుంటూ వెళ్ళి రాయి చుట్టూ తిరిగాడు. అతను ముఖం చిట్లించాడు. "మేకులు కొట్టిన మా కుర్రాళ్ళు మొన్న ఈ రాయి ఇక్కడ లేదంటున్నారు. నాకు మీ మీద కోపమేం లేదు. కానీ ఎక్కడి రాయో తెచ్చి నిలబెట్టి, రోడ్డు జరపమంటే ఎలా? పై ఆఫీసులో నన్నేమంటారు?"

ఎజెర్ కాగితాలు తీశాడు. గీతలు చూపించాడు, ఫొటోలు చూపించాడు. గెన్నాదీ తలూపుతున్నాడు కానీ వినడం లేదు. కళ్ళు మాటిమాటికీ ఎర్రగుడ్డ మేకుల వైపే వెళ్తున్నాయి.

చేనెష్‌కు అది కనిపించింది. మాటలు వినని మనిషిని గొర్రెల్లోనూ మనుషుల్లోనూ ఆమె ఇట్టే గుర్తుపడుతుంది. గుడారంలోకి పరుగెత్తి రుమాలు విప్పింది. పిండిముద్దలు రెండూ ఎండి ఇటుకల్లా అయ్యాయి. వాటిని తెచ్చి ఇంజనీరు చేతుల్లో పెట్టింది.

"ఇది నేలలో మోడుది. మొన్న పొద్దున తీశాను, ఆర్జానా చూసింది, నన్ను తిట్టింది కూడా. ఇది ఈయన విరిగిన కింది కొసది. మొన్న మధ్యాహ్నం మా దొడ్డి దగ్గర తీశాను. అప్పటికి ఈయన ముఖం మేమెవరం చూడలేదు. కలిపి చూడండి సార్."

"రొట్టెలా?"

"బూర్సాక్ పిండి. కలపండి."

గెన్నాదీ నవ్వుతూనే రెంటినీ దగ్గరికి తెచ్చాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. 'కట్' మని కూర్చున్నాయి. అతని నవ్వు ఆగింది. విడదీసి, గోరుతో పన్ను తడిమి, మళ్ళీ కలిపాడు. ఎండకు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు. వెలుతురు దూరే సందు లేదు. తర్వాత వంగి, గొర్రె తలను పక్కకు నెట్టి, మోడుకూ మనిషికీ మధ్య అతుకును వేలితో చుట్టూ తడిమాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

లేచి టోపీ తీశాడు. "ఇరవై ఏళ్ళుగా కొలతలు తీస్తున్నాను. ఇలాంటి సాక్ష్యం ఎవరూ తేలేదు నాకు. ఇవి నాకిస్తావా అమ్మాయ్? కాగితానికి జతచేసి పంపుతాను."

"ఒకటి తీసుకోండి. ఒకటి మాది."

"ఒకటుంటే ఏం రుజువవుతుంది?"

"అయితే రెండూ తీసుకెళ్ళి, రెండూ తిరిగివ్వండి," అంది చేనెష్. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చూపు దించుకోలేదు.

గెన్నాదీ జీపు బానెట్ మీద కాగితం పరిచి ఏదో రాశాడు, సంతకం పెట్టాడు, ఎజెర్‌కు చూపించాడు. చదువుతూ చదువుతూ ఎజెర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంజనీరు వెళ్ళి మొదటి మేకును తనే పీకి చంకలో పెట్టుకున్నాడు. తన కుర్రాళ్ళ వైపు తిరిగి అరిచాడు. "చూస్తారేంట్రా! మిగతావి పీకండి. టేపు పట్టుకుని వాగు దాటండి. బూట్లు విప్పండి ముందు!"

సానాష్ ఈల వేశాడు. ఆర్జానా చేనెష్‌ను రెండు చేతులా ఎత్తి తిప్పింది. ఇద్దరూ కలిసి గడ్డిలో పడ్డారు.

తోయ్‌లోష్ ఆ గోలలో లేదు. పాలసీసాను వెనక గడ్డిలో పెట్టి, రాతిమనిషి ముందు నిలబడి, కోటు జేబులోంచి ఉప్పుగడ్డ తీసి, ముఖం వంక చూడకుండానే ఆయన పాదం వెనకగా పెట్టింది. గొర్రెలు ఎగబడ్డాయి. తర్వాత ఆమె కోటు సర్దుకుని, తల వంచి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

"నాయనమ్మా!" గడ్డిలోంచే అరిచింది చేనెష్. "వెనకాల పాలసీసా ఉంది, చూసుకో!"